నూట పధ్నాలుగో నంబరు కోటు

మా బావ యుద్ధానికి వెళ్ళాడు గాని తుపాకీ పట్టలేదు, సబ్బు పట్టాడు. ఈ మాట నలుగురిలో అని నేను ఆయన్ని ఎన్నిసార్లు ఉడికించానో లెక్కలేదు. ఆయన నవ్వేవాడు. నవ్వు సగంలో ఉండగానే దగ్గు అందుకునేది. అక్క లోపలి నుంచి వచ్చి నా వంక చురచురా చూసేది. ఇప్పుడు ఆ ఇంట్లో నవ్వేవాడూ లేడు, చురచురా చూసేదీ లేదు. నేను దాచిన సంగతి విని నొచ్చుకునేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

యుద్ధంలో ఆయన పని ఆసుపత్రి గుడారాల వెనక బట్టలు ఉతకడం. తిరిగి వచ్చాక చేసిందీ అదే. మా వీధి మలుపులో ఆయనకో ఇరుకు లాండ్రీ ఉండేది. అందులో ఒక పొడుగాటి బల్ల, దాని మీద రెండు మడతలు వేసి పరిచిన కంబళి, కంబళి నిండా ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చలు. వెనక గోడకు అరలు, అరల్లో నంబర్లు కట్టిన మూటలు. ఆవిరి తగిలితే బావకు ఊపిరాడదు కనుక ఇస్త్రీ అంతా అక్కే చేసేది. ఆయన గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని కాలర్ల లోపలి వైపు చెరగని సిరాతో నంబర్లు వేసేవాడు. మనుషుల పేర్లు ఆయనకు గుర్తుండేవి కావు. దారిలో ఎవరో పలకరించి వెళ్తే "ఎవరు బావా ఆయన?" అని అడిగేవాణ్ణి. "ముప్పై ఆరు. మోచేతుల దగ్గర తొందరగా అరిగిపోతాయి" అనేవాడు. నేను అరవై ఒకటి. జేబులో సిరా కారే రకాన్ని.

తన చేతి మీదుగా వెళ్ళిన బట్ట ఒక్కటి కూడా దారితప్పలేదని ఆయన గర్వం. ఎవరి బట్ట వాళ్ళ ఇంటికి చేరాలి, అంతే. అది తప్ప ఆయనకు వేరే పట్టింపులేవీ నేను చూడలేదు.

ఆ చేతుల సంగతి కూడా చెప్పాలి. చర్మం ఉల్లిపొర లాగా పల్చగా, మెరుస్తూ ఉండేది. చలికాలం వస్తే వేళ్ళ సందుల్లో పగిలి నెత్తురు చిమ్మేది. నూలు తొడుగులు వేసుకుని పని చేసేవాడు. కళ్ళు ఎప్పుడూ నీళ్ళు కారుతూ ఉండేవి. కొత్తవాళ్ళు చూసి "ఇంట్లో ఎవరైనా పోయారా?" అని అడిగేవారు. "పోలేదు, మా బావమరిది ఇంకా వస్తూనే ఉన్నాడు" అనేవాడు. పడుకుంటే ఊపిరి అందదని ముప్పై ఏళ్ళుగా కూర్చునే నిద్రపోయేవాడు. గోడకు రెండు దిళ్ళు, వాటికి ఆయన.

నేను ఆఫీసుల ముందు మడత బల్ల వేసుకుని అర్జీలు రాసేవాణ్ణి. ఎవరు చెప్పుకున్నా చెప్పుకోకపోయినా నేను చెప్పుకుంటాను, ఆ వరసలో కూర్చున్న తొమ్మిది మందిలో నా రాతకు సాటి లేదు. నేను రాసిన కాగితం చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్న అధికారులున్నారు. అలాంటివాణ్ణి సొంత బావకు పదకొండు అర్జీలు రాశాను. పదకొండూ తిరిగొచ్చాయి.

అడిగింది పెద్ద వరమేమీ కాదు. యుద్ధంలో విషవాయువు తగిలినవాళ్ళకు ప్రభుత్వం ఒక కార్డు ఇచ్చేది. అందరూ దాన్ని గ్యాసు కార్డు అనేవారు. అది ఉంటే మాజీ సైనికుల ఛాతీ ఆసుపత్రిలో చేర్చుకుంటారు, ఇంటికి ఆక్సిజన్ యంత్రం ఇస్తారు. మా వీధి డాక్టరు బావ వీపు మీద గొట్టం పెట్టి వినీ వినీ, నన్ను బయటికి పిలిచాడు. "ఊపిరితిత్తులు మూడో వంతు కూడా పని చెయ్యట్లేదు. యంత్రం ఉంటే ఇంకో అయిదారేళ్ళు నెట్టుకొస్తారు. లేకపోతే వచ్చే చలికాలం దాటడం కష్టమే" అన్నాడు. అలాంటి యంత్రం సొంతంగా కొనడం మా రెండు ఇళ్ళూ అమ్మినా అయ్యేది కాదు.

బోర్డు నుంచి వచ్చే జవాబు మాత్రం ప్రతిసారీ ఒకటే. ఆ రోజు విషవాయువు తగిలిన బట్టలన్నీ ఆజ్ఞ ప్రకారం తగలబెట్టారు, ఏవీ ఉతకలేదు, కాబట్టి ఉతికినవాడికి హాని కలిగే అవకాశం లేదు. పదకొండోసారి ఆ కాగితం చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా లాండ్రీకి వెళ్ళాను.

"బావా, నిజం చెప్పు. తగలబెట్టమన్నారా లేదా?"

"తగలబెట్టమన్నారు."

"మరి నువ్వేం చేశావు?"

ఆయన చేతిలో ఉన్న చొక్కా కాలరు తిప్పి చూశాడు. తరవాత ముక్కలు ముక్కలుగా, ఊపిరి అందినంత మేరకు చెప్పాడు. ఆ రోజు బళ్ళ మీద బట్టలు గుట్టలుగా వచ్చాయి. వెల్లుల్లి వాసనలాంటిదేదో గుప్పుమంది. బయట మంచు పడుతోంది. గుడారాల్లో కుర్రాళ్ళు ఒక్కో కంబళితో గడగడలాడుతున్నారు. కొత్త కోట్లు రావడానికి రెండు నెలలు పడుతుందని సామాన్ల అధికారి చెప్పాడు. బావ ఆ గుట్టలోంచి చిరుగుల్లేని నలభై ఉన్ని కోట్లు పక్కకు లాగాడు. చాకలి సోడా వేసి, బానల్లో మరగబెట్టి, మూడుసార్లు ఉతికి, ఆరబెట్టి, నంబరు చూసి ఎవరి కోటు వాళ్ళకు ఇచ్చేశాడు. పై అధికారులు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. కాగితం మీద మాత్రం అన్నీ తగలబెట్టినట్టే రాసుకున్నారు.

"ముక్కు పెట్టి చూశానురా. ఏ వాసనా లేదు. వాసన పోయిందంటే బట్ట శుభ్రమైనట్టే. మా పనిలో అందరం అలాగే చూస్తాం" అన్నాడు.

మూడో రోజుకు ఆయన చేతులు బొబ్బలెక్కాయి. ఐదో రోజుకు కళ్ళు మూసుకుపోయాయి. వారం రోజులు అన్నం ఎవరో తినిపిస్తే తిన్నాడు.

ఈ సంగతంతా కలిపి పన్నెండో అర్జీ రాశాను. నా జీవితంలో అంత బాగా ఇంకేదీ రాయలేదు. ఈసారి బోర్డు ఒక మెట్టు దిగింది. అలా తిరిగి అందుకున్న కోటు ఎవరిదైనా ఉంటే ఆ మనిషి చేత వాంగ్మూలం తెమ్మన్నారు. ఆ కోటుకు విషం అంటిందనీ, దాన్ని ఫలానావాడు ఉతికి తనకే తిరిగి ఇచ్చాడనీ రాసి సంతకం పెట్టాలి. ఆ తరవాత బోర్డు వాళ్ళు సాక్షిని పిలిపించి, రాసినదంతా పైకి చదివి వినిపించి ఖాయం చేసుకుంటారు. నెలాఖరు గడువు. దాటితే ఫైలు శాశ్వతంగా మూసేస్తారు.

"నలభై మందిలో ఒక్కడైనా గుర్తు లేడా?" అని బావను నిలదీశాను. గుర్తు లేదన్నాడు. నంబర్లు తప్ప ఏమీ గుర్తుండవన్నాడు. నేను తల పట్టుకుని కూర్చున్నాను.

అక్క ఇస్త్రీ ఆపి లోపలికి వెళ్ళి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నిండా ఉత్తరాలు. ఏటా చలికాలం మొదట్లో ఒకటి చొప్పున ముప్పై పైన ఉన్నాయి. అన్నింట్లోనూ దాదాపు ఒకే మాట. 'తమ్ముడూ, చలి మొదలైంది. నా కోటు తెచ్చిచ్చిన నిన్ను తలుచుకున్నాను. బాగున్నావని తలుస్తాను.' కింద సంతకం ఉండాల్సిన చోట నూట పధ్నాలుగు అని అంకెలు. ఊరు మాకు మూడు గంటల బస్సు దూరం.

"నేను పన్నెండు అర్జీలు రాశాను. సాక్షి బిస్కెట్ల డబ్బాలో ఉన్నాడు" అన్నాను. ఆ తరవాత ఇంకా చాలా అన్నాను. ఇక్కడ రాయదగినవి కావు. బావ కాలర్ల మీద నంబర్లు వేస్తూనే ఉన్నాడు. అక్క మాత్రం, "ఒక్కదానికీ జవాబు రాయలేదు తమ్ముడూ. రాయమంటే లేచి వెళ్ళిపోతాడు. ఎందుకో నువ్వైనా అడుగు" అంది. నేను అడగలేదు. నా కోపంలో నేనున్నాను. మర్నాడు పొద్దున్నే వాంగ్మూలం టైపు చేసి, చొక్కా జేబులో పెట్టుకుని, ఆయన్ని బస్సెక్కించాను. బయల్దేరేటప్పుడు అక్క గుమ్మం దాకా వచ్చి, నా జేబు మీద చెయ్యి వేసి చూసింది, కాగితం ఉందో లేదో అని.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక బావ తనంతట తనే చెప్పాడు.

"నా చేతులు బొబ్బలెక్కిన రోజునే తెలిసిందిరా, సోడాతో అది పోలేదని. అప్పటికి కోట్లు పంచేశాను. నా కళ్ళు మళ్ళీ తెరుచుకునేసరికి గాయాలు మానినవాళ్ళు ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు కూడా. ఆయన ఏటా మంచివాడివని రాస్తాడు. నేనేమని జవాబు రాయను?"

"ఇప్పుడు అవన్నీ ఎందుకు బావా. ముందు సంతకం కానీ."

"ముందు చెప్తాను. నీ కోటులో విషం ఉండగానే ఇచ్చాను అని చెప్తాను. తిడితే తిట్టనీ. తరవాత సంతకం పెడితే పెడతాడు, లేకపోతే లేదు."

"సంతకం అయ్యాక చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాగితంలో నువ్వు రాసింది అదేగా. చదవడా మరి?" అన్నాడు. నిజమే. నేను రాసిందీ అదే. ఎంత బాగా రాశానంటే, చదివినవాడికి అనుమానం మిగలడానికి వీల్లేదు.

రైలు గేటు పక్కన రెండు గదుల ఇల్లు. నూట పధ్నాలుగు అంతకుముందు ఆ గేటు కాపలాదారుగా చేసేవాడట. పొడగరి, ఎముకల గూడు. గొంతు బొంగురు. మెడ చుట్టూ కాలరు ఆనే చోట, మణికట్ల దగ్గర నల్లబారిన ముడతల చర్మం. బావ కళ్ళు ఆ మెడ మీదే ఆగిపోయాయి. ఆయన మాత్రం బావను చూడగానే రెండు చేతులూ పట్టుకుని, తొడుగుల మీంచే నిమురుతూ, కూర్చోబెట్టి, లోపలికి కేకేశాడు. "ఇదిగో, ఎవరొచ్చారో చూడు. నా కోటు తమ్ముడు."

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చిన్న మనిషి. "అన్నయ్యగారూ, ఇన్నేళ్ళకు దారి తెలిసిందా మీకు?" అంది. ఆ మాటలో నిష్ఠూరం కన్నా సంతోషమే ఎక్కువ ఉంది. టీ తెచ్చింది. బావ గ్లాసు పట్టుకున్నాడు గాని తాగలేదు. గొంతు సవరించుకున్నాడు, చెప్పడానికి సిద్ధపడుతున్నాడని నాకు తెలిసింది.

"అన్నా, ఆ కోటు గురించి మీకో మాట..."

"కోటంటే గుర్తొచ్చింది. చూపిస్తానుండు" అని నూట పధ్నాలుగు లేచి, గోడ మీది ఫోటో తీసి బావ చేతిలో పెట్టాడు.

ఐదారేళ్ళ ఆడపిల్ల. రెండు జడలు, ముందు పన్ను ఒకటి ఊడింది. మోకాళ్ళ దాకా ఉన్ని కోటు, దానికి పిల్లలకు తగనంత పెద్ద సైనికుల బొత్తాలు.

"నువ్విచ్చిన కోటే. ఇంటికొచ్చాక మా ఆవిడ కత్తిరించి దీనికి కుట్టింది. మూడేళ్ళు వేసుకుంది, ఒంటి మీంచి తియ్యనిచ్చేది కాదు. నిద్రలో కూడా అదే" అన్నాడు.

"పాప ఎక్కడుందిప్పుడు?" అడిగింది నేనే. నా తొందరపాటు నోరు.

"పోయింది బాబూ" అంది ఆవిడ. "ఏడో ఏట. ఊపిరి ఆడక పోయింది. మెడ మీద పుళ్ళు లేచేవి, చలిగాలి పడట్లేదన్నారు. అందుకని ఆ కోటు ఇంకా గట్టిగా బొత్తాలు పెట్టి చుట్టేదాన్ని. ఆ కోటే లేకపోతే ఆ మూడేళ్ళు కూడా దక్కేది కాదు."

బావ ఫోటోను ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాడు. కళ్ళు కారుతున్నాయి. అవి ఎప్పుడూ కారేవే కనుక వాళ్ళకు తెలియలేదు, నాకు తెలిసింది.

నేను చెడ్డవాణ్ణి. దాచను. ఆ క్షణంలో కూడా నాకు మా బావ ఊపిరే కావలసి వచ్చింది. పోయిన పిల్ల ఎలాగూ తిరిగి రాదు, ఉన్న మనిషినైనా దక్కించుకుందాం అనుకున్నాను. చెయ్యి జేబులోకి పోనిచ్చాను. కాగితం అంచు వేళ్ళకు తగిలింది. బావ తల ఎత్తకుండానే నా మణికట్టు పట్టుకున్నాడు. అంత బలం ఆ చేతిలో ఉందని నాకు తెలియదు.

"కోటు గురించి ఏదో చెప్పబోయావు?" అన్నాడు నూట పధ్నాలుగు.

"ఏం లేదన్నా. ఎడం జేబు కుట్టు ఊడితే మళ్ళీ వేశాను, నిలిచిందా అని."

"నిలిచింది తమ్ముడూ. భేషుగ్గా నిలిచింది."

వచ్చేటప్పుడు ఆవిడ మాకు దారిలో తినడానికని రెండు యాపిల్ పళ్ళు సంచిలో వేసింది. బస్సు ఊరు దాటాక బావ చెయ్యి చాచాడు. కాగితం ఇచ్చాను. చింపబోయాడు, తొడుగుల వల్ల చేత కాలేదు. నా చేతికే తిరిగి ఇచ్చాడు. నేను రాసిన కాగితం నేను చింపడం అదే మొదటిసారి. కాసేపటికి బావ, "నలభై కోట్లురా. మిగతా ముప్పై తొమ్మిది ఎవరి ఇళ్ళకెళ్ళాయో" అన్నాడు. నాకు అప్పుడు ఆయన మీద పట్టలేని కోపం, అంతకన్నా పట్టలేని జాలి. కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

"మీ అక్కకు చెప్పకు. అది ఆడమనిషి, పైగా తెగువ గలది. నా కోసం తనే వెళ్ళి సంతకం అడుగుతుంది" అన్నాడు. సరేనన్నాను.

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. ఏమైందని అడిగింది. నాకు తోచింది చెప్పాను. "ఆయన ఒప్పుకోలేదక్కా. తన గ్యాసు కార్డుకేమైనా ఇబ్బంది వస్తుందేమోనని భయపడ్డాడు." బావ నా వంక ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయాడు. అక్క డబ్బా తెచ్చి ఉత్తరాలన్నీ పొయ్యిలో వేసింది.

గడువు దాటింది. చలికాలం వచ్చింది. నెల రోజులు బావ మంచం దిగలేదు. గోడకు ఆనించిన రెండు దిళ్ళు నాలుగయ్యాయి. ఒక్కో ఊపిరికీ భుజాలు పైకి లేచేవి, బరువు ఎత్తుతున్నట్టు. అక్క పక్కన కూర్చుని వీపు రాస్తూ, "ఒక్క సంతకం. ఒక్క సంతకం పెట్టి ఉంటే" అని గొణుగుతూనే ఉండేది. బావ వినేవాడు. నేనూ వినేవాణ్ణి. ఒక మధ్యాహ్నం నేను పక్కన ఉండగానే పోయాడు. చివరి మాటలంటూ ఏమీ లేవు. మాట్లాడేందుకు ఆయన దగ్గర గాలి లేదు.

ఆ చలికాలం నూట పధ్నాలుగు పంపిన ఉత్తరానికి మొదటిసారి జవాబు వెళ్ళింది. నేనే రాశాను, బావ లేడని. పది రోజులకు ఆవిడ వచ్చింది. భర్త కదల్లేని స్థితిలో ఉన్నాడనీ, ఆయన తరఫున వచ్చాననీ చెప్పింది. లాండ్రీ మూసి ఉంది. అక్క బల్ల పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుని చెయ్యి పట్టుకోబోతే అక్క వెనక్కు తీసుకుంది.

"ఇప్పుడెందుకు వచ్చారు?" అంది అక్క. "మీ ఆయన ఆ రోజు ఒక్క సంతకం పెట్టి ఉంటే నా మనిషి ఇంకా ఇక్కడ కూర్చుని ఉండేవాడు."

ఆవిడ తెల్లబోయింది. "ఏం సంతకం వదినా? మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదే. అడిగితే పెట్టరా? మీ ఆయన పేరు చెప్తే చదవకుండానే పెట్టేవారు. మా పిల్లకు ఒంటి మీద వెచ్చని గుడ్డ ఇచ్చిన మనిషాయె."

అక్క తల తిప్పి నా వైపు చూసింది. ఆవిడా చూసింది. ఆ ఇద్దరిలో ఒకరికి నిజం చెప్తే రెండో మనిషి ఏమవుతుందో నాకు తెలుసు. ఆలోచించుకోవడానికి వ్యవధి లేదు.

"నేనే అడగలేదక్కా" అన్నాను. "కాగితం బస్సులో పారేసుకున్నాను. మళ్ళీ రాసి తీసుకెళ్దామనుకుంటూనే బద్ధకించాను. గడువు దాటిపోయింది. నీకు చెప్పడానికి మొహం చెల్లక ఆయన మీద పెట్టాను."

అక్క నమ్ముతుందని నేను అనుకోలేదు. వెంటనే నమ్మింది. చిన్నప్పుడు నేను బడి పుస్తకాలు ఎన్నిసార్లు పారేసుకున్నానో తనకు తెలుసు కదా. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరూ కలిసి ఏడ్చారు. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

ఆ తరవాత అక్క పదమూడేళ్ళు బతికింది. నేను వెళ్తే కూర్చోమనేది, టీ పెట్టేది. కాని ఏ అర్జీకీ నన్ను పిలవలేదు. కంటి ఆపరేషన్ కాగితాలు, లాండ్రీ అమ్మిన కాగితాలు, అన్నీ నా పక్క బల్ల మీది వాడి చేత రాయించుకుంది. వాడు రాసిన దాంట్లో తప్పులుంటే చూసి కూడా నేను ఊరుకునేవాణ్ణి.